బ్యూట్ ఆపాలి, దానికి బదులు గుర్రానికి నొప్పికి ఏది ఇవ్వొచ్చు?

ప్రొద్దుటూరు_లాయం:

పెళ్ళి ఊరేగింపులకు వాడే మగ గుర్రం, కాయలు తీయించినది. పళ్ళు చూసి వయసు 13, 14 ఉంటుందన్నారు. కుడి ముందు కాలు కుంటు. డెక్క అంచుకు పైన చుట్టూ గట్టి బొడిపె కట్టింది, ఎక్స్‌రేలో రింగ్‌బోన్ (కీలు చుట్టూ ఎముక పెరగడం) అని తేలింది. బ్యూట్ (ఫినైల్‌బ్యూటజోన్ అనే నొప్పి మందు) పొడి పొద్దున 1 గ్రాము, రాత్రి 1 గ్రాము ఐదు వారాలుగా నడుస్తోంది. ప్యాకెట్ మీద రాసిన మోతాదే.

కుంటు తగ్గింది. కానీ పది రోజులుగా లద్దె ఉండలు కట్టడం లేదు, గేదె పేడలాగా జారుతోంది. ఉలవలు సగం వదిలేస్తోంది. రెండు రోజులుగా పొట్ట కింద మెత్తటి వాపు, వేలితో నొక్కితే గుంట అట్లే నిలబడుతోంది. జ్వరం లేదు, 37.9. నీళ్ళు తాగుతోంది.

బ్యూట్ మానేసి వేరేదానికి మారుద్దామనుకుంటున్నాం. చుట్టుపక్కల చెప్పినవి ఇవి: మెలాక్సికామ్ ఇంజెక్షన్, మనుషులు వాడే పారాసెటమాల్ 650, ఆన్‌లైన్‌లో దొరికే డెవిల్స్ క్లా పొడి, పసుపు, పైన జిల్లేడాకు కట్టు. వీటిలో కడుపుకు ఇబ్బంది లేనిది ఏది? మాఘమాసంలో బుకింగులు ఉన్నాయి.

పశువైద్యం_అనంత:

అన్నా, మందు మార్చడం తర్వాత సంగతి. ముందు ఈ రాత్రి డోసు ఆపండి. లద్దె జారడం, మేత వదలడం, పొట్ట కింద గుంట పడే వాపు మూడూ కలిసి వచ్చాయంటే పెద్దపేగులో కుడివైపు పైభాగం పుండు పడిందని అనుమానించాలి. బ్యూట్ ఎక్కువైతే గుర్రంలో పుండు పడే చోటు అదే. పుండులోంచి రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్ కారిపోతుంది. అది తగ్గితే నీరు నరాల్లో నిలవక పొట్ట కిందకి దిగుతుంది. మీరు వేలితో నొక్కి చూసిన గుంట అదే.

మోతాదు ఎక్కడ తప్పిందో చూడండి. ప్యాకెట్ లెక్క 450 కిలోల గుర్రానిది. మన ఊరేగింపు గుర్రాలు అంత బరువు తూగవు. టేపుతో కొలవండి: ముందు కాళ్ళ వెనకగా ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో, భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివర వరకు పొడవు సెంటీమీటర్లలో. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 160, పొడవు 145 ఉంటే 312 కిలోలు. 450 కిలోలకు రోజుకు 2 గ్రాములంటే కిలోకి 4.4 మి.గ్రా. 312 కిలోలకు అదే 2 గ్రాములు 6.4 మి.గ్రా. అవుతుంది. మొదటి రోజు కిలోకి 4.4 చొప్పున రెండుసార్లు ఇచ్చి, రెండో రోజు నుంచి 2.2 చొప్పున రెండుసార్లకు దించి, కుంటు తగ్గగానే ఇంకా తగ్గించుకుంటూ పోవాలి. ఐదు వారాల పాటు దాదాపు ఒకటిన్నర రెట్లు పడింది.

రేపు పొద్దున చేయాల్సింది: రక్తం తీయించి మొత్తం ప్రొటీన్, అల్బుమిన్, క్రియాటినిన్ (కిడ్నీకి), జీజీటీ (లివర్‌కి) చూపించండి. పశువుల ల్యాబ్ దొరక్కపోతే మనుషుల ల్యాబ్ కూడా చేస్తుంది, సీసా మీద గుర్రం అని రాయించండి, లేదంటే రిపోర్టు పక్కన మనిషి ప్రమాణాలు వేసిస్తారు. గుర్రంలో అల్బుమిన్ 2.6 కంటే తగ్గితే తక్కువే. 2 కంటే దిగితే ఆసుపత్రి పని. ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉంది కాబట్టి మీకు దూరాభారం లేదు. బండి ఎక్కించలేని పరిస్థితైతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి.

ఇక మీ ప్రశ్న. మెలాక్సికామ్, బ్యూట్, ఫ్లునిక్సిన్ అన్నీ ఒకే కుటుంబం. మెలాక్సికామ్ పేగు మీద కొంచెం మెతక, అంతే. పుండు పడిన పేగుకి మెతకదైనా వద్దు. బ్యూట్ ఒంట్లో ఉండగానే దాని మీద ఇంకొకటి వేస్తే మరీ ప్రమాదం. రెండూ కలిపినప్పుడు ప్రొటీన్ పడిపోవడం, కడుపులో పుళ్ళు పడటం ఒక్కటే ఇచ్చినప్పటికంటే చాలా ఎక్కువ.

ఈ పరిస్థితిలో మిగిలేది పారాసెటమాల్. గుర్రానికి కిలోకి 20 మి.గ్రా., 12 గంటలకోసారి, నోటి ద్వారా. 312 కిలోలకు 6.2 గ్రాములు: 500 మాత్రలైతే 12, 650 అయితే 9 లేదా 10. దంచి బెల్లం నీళ్ళలో కలిపి, సూది లేని పెద్ద సిరంజితో నాలుక వెనక్కి పోయండి. ఇది వాపును తగ్గించదు, నొప్పినే తగ్గిస్తుంది. లివర్ ముందే చెడిన గుర్రానికి ఇవ్వకూడదు, జీజీటీ అందుకే అడిగాను. మూడు వారాలు దాటితే మళ్ళీ చూపించాలి.

మెడికల్ షాపులో ఒక జాగ్రత్త. "నొప్పికి పారాసెటమాల్" అని అడిగితే సగం సార్లు చేతిలో పెట్టేది ఎసిక్లోఫెనాక్ కలిసినదో, ఐబుప్రొఫెన్ కలిసినదో, డైక్లోఫెనాక్ కలిసినదో. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవండి. పారాసెటమాల్ అనే ఒక్క పేరే ఉండాలి. పన్నెండు మాత్రలంటే వాటిలో కలిసిన రెండో మందు కూడా పన్నెండు రెట్లు పడుతుంది.

నల్లమల_గుర్రాలు:

పైన చెప్పినదానికి మేత సంగతి చేర్చాలి. పేగు పుండు మానేది మేతతోనే, మందుతో కాదు. జొన్న చొప్ప, ముతక ఎండుగడ్డి, వేరుశనగ కట్టె కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ముతక మేత పుండు మీద రాసుకుంటూ పోతుంది. లేత పచ్చిగడ్డి కొద్దికొద్దిగా రోజుకు ఐదారుసార్లు, దాంతోపాటు నానబెట్టిన గోధుమ పొట్టు. పూర్తి మేతగా పెల్లెట్లు దొరికితే అవే మంచివి. ఇసబ్గోల్ పొట్టు రోజుకు 100 గ్రాముల దాకా, అప్పటికప్పుడు తడిపి పెట్టాలి. ముందే తడిపి ఉంచితే జిగురైపోయి ముట్టదు. ఒక కప్పు అవిసె నూనె. ఈ పథ్యం కనీసం మూడు నెలలు. లద్దె గట్టిపడిందని మూడో వారంలోనే చొప్ప వేశారంటే మొదటికొస్తుంది.

కోళ్ళ దాణా, ఆవుల దాణా బలానికని కలపొద్దు. వాటిలో మోనెన్సిన్ అనే మందు కలిసి ఉంటే గుర్రం గుండెకు విషం.

నీళ్ళు: బ్యూట్ కుటుంబం మందులు కిడ్నీని దెబ్బతీసేది ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడే. మన ఎండల్లో ఊరేగింపుకి పోయి చెమటోడ్చి వచ్చిన గుర్రానికి నీళ్ళు పట్టకుండా డోసు వేయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. వంద కిలోలకు 10 గ్రాముల లెక్కన రోజూ మామూలు ఉప్పు మేతలో కలపండి, తాగుతుంది.

ఆదోని_ప్రాక్టీస్:

మెలాక్సికామ్ గురించి రాసి పెడతాను, పేగు మానాక మీకే పనికొస్తుంది. గుర్రానికి కిలోకి 0.6 మి.గ్రా., రోజుకు ఒక్కసారి, గరిష్ఠం 14 రోజులు. 312 కిలోలకు 187 మి.గ్రా. పశువుల షాపులో దొరికే ఇంజెక్షన్ మిల్లీకి 5 మి.గ్రా. ఉంటే అది 37 మిల్లీలు. ఆవుకి వేసినట్టు 15 మిల్లీలు కండకు పొడిచి "మెలాక్సికామ్ పనిచేయలేదు" అంటారు. వేసింది సగం కూడా కాదు. 37 మిల్లీలు కండకు వేస్తే మెడ బిగుసుకుని తల దించలేదు, మేత మానేస్తుంది. మిల్లీకి 20 మి.గ్రా. ఉండే రకమైతే 9 మిల్లీలు, అదీ డాక్టరు నరానికే. నోటి ద్వారా కూడా పనిచేస్తుంది. గాడిదలకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. గాడిద ఒంట్లోంచి మెలాక్సికామ్ గంటలోనే సగం పోతుంది.

బ్యూట్ ఇంజెక్షన్ ఎప్పుడూ కండకు వద్దు. నరం పక్కకు కొద్దిగా కారినా తోలు, కండ ఊడివస్తాయి. ఫ్లునిక్సిన్ కండకు వేస్తే క్లోస్ట్రిడియం అనే సూక్ష్మజీవి పట్టి ఒక్క రోజులో మెడ ఉబ్బి, నొక్కితే కరకరమనే గాలి చప్పుడు వస్తుంది. అది ప్రాణాంతకం. మెడలో నరం వెతుకుతూ ధమనికి పొడిస్తే సూది తీయకముందే గుర్రం కూలిపోతుంది. అందుకే ఇంటి మనుషులు నరానికి వేయొద్దు, ఎన్నిసార్లు చూసినా సరే.

డైక్లోఫెనాక్ పశువులకు 2006 నుంచి నిషేధం. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా చేరాయి. 2024 డిసెంబరులో నిమెసులైడ్. ఇవి పడిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందు కిడ్నీ చెడి చస్తుంది, నిషేధానికి కారణం అదే. పాత స్టాకు చవగ్గా ఇస్తామన్నా వద్దనండి. పైన ఒకరు రాసిన ఎసిక్లోఫెనాక్ కలిసిన మాత్రల సంగతి కూడా ఇందులోకే వస్తుంది.

ట్రామడాల్ ఎవరైనా చెప్తే: నోటి ద్వారా ఇస్తే గుర్రం రక్తంలోకి చేరేది బహు కొద్ది. డబ్బు దండగ.

ఆకుపసరు_కర్నూలు:

మూలికలన్నీ ఒక్క గంపలో వేసి పారేయొద్దు అప్పా. వావిలాకు కాపడం మంచిదే. ఆకు మరిగించిన నీళ్ళు మోచేతికి పోసుకుని ఓర్చుకోగలిగినంత వేడిలో, గోనెసంచి ముంచి పిండి 15 నిమిషాలు, రోజుకు రెండుసార్లు. పాత కీళ్ళనొప్పికి హాయిగా ఉంటుంది, కడుపులోకి పోయేది ఏమీ లేదు. కొత్తగా బెణికి వేడిగా ఉన్న కాలికి మాత్రం మొదటి రెండు రోజులు ఐసే, కాపడం కాదు.

జిల్లేడాకు నేను చెప్పను. పాలు తోలును కాలుస్తాయి, గుర్రం నోటితో కట్టు పీక్కుంటుంది, ఆ మూతి కంటికి రాసుకుంటే గుడ్డు మీద పొర వస్తుంది. ఆముదం ఆకు వెచ్చచేసి కట్టేవాళ్ళున్నారు, ఆకుతో పెద్ద చేటు లేదు. కానీ గెలలున్న కొమ్మ తెచ్చి లాయంలో పడేస్తే గింజ విషం, గుర్రానికి మరీను. ఆముదం చెక్క మూటలు గుర్రానికి అందేచోట పెట్టొద్దు.

ఉమ్మెత్త, గన్నేరు, ముష్టిగింజ ఏ రూపంలోనూ వద్దు. ఉమ్మెత్త నొప్పి తగ్గించినట్టే ఉంటుంది, పేగు కదలిక ఆగిపోయి లద్దె గట్టిపడి శూల వస్తుంది. గన్నేరాకు గుప్పెడు చాలు గుండె ఆగడానికి. నల్లజీడి రసంతో బొబ్బలెక్కించడం, వాతలు పెట్టడం కూడా అంతే. కొత్త పుండు నొప్పిలో పాత నొప్పి మరిచిపోతుంది, రింగ్‌బోన్ అట్లే ఉంటుంది.

పశువైద్యం_అనంత:

కాపడం సంగతి ఒప్పుకుంటాను. డెవిల్స్ క్లా మీద రెండు మాటలు. ఇది ఆఫ్రికా దుంప. కడుపులో పుండున్న గుర్రానికి, చూడి గుర్రానికి వాడకూడదనే చెప్తారు. ఇప్పుడున్న స్థితిలో మీ గుర్రానికి అది తప్పు మందు. అంతర్జాతీయ పోటీల్లో దానికి ఒప్పుకోరు. మూలిక కాబట్టి సాధువే అనుకునేవాళ్ళకి ఇంకో ఉదాహరణ: మిరపకాయ ఘాటు, కాప్సైసిన్. 2008 ఒలింపిక్స్ గుర్రపు పోటీలు హాంకాంగ్‌లో జరిగినప్పుడు దానికే నాలుగు గుర్రాలు పట్టుబడ్డాయి. కాలికి మిరప పూత పూయడమంటే అక్కడ నేరం.

పసుపు రోజుకు 30 గ్రాములు మేతలో కలిపితే చావదు, కుంటూ తగ్గదు. పసుపులో పనిచేసే కర్క్యుమిన్ రక్తంలోకి సరిగా ఎక్కదు. ఎక్కడానికని మిరియాలు కలిపితే ఇతర మందులు కూడా ఎక్కువగా ఎక్కుతాయి. విడి పసుపులో రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపే మోసం కూడా ఉంది, కొమ్ములు కొని దంచుకోండి. అందుగు బంక పొడి నల్లమల నుంచి తెచ్చి వాడేవాళ్ళున్నారు, గుర్రం మీద గట్టి రుజువు లేదు.

పేరులేని పొట్లం ఒక్క రోజులో కుంటు మాన్పితే సంతోషించకండి. అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. స్టెరాయిడ్ మీద బ్యూట్ పడితే పేగుతో పాటు డెక్కలు కూడా పోవచ్చు.

లాడం_పని_తాడిపత్రి:

మందు సగమే. రింగ్‌బోన్ గుర్రానికి మిగతా సగం కాలి కింద ఉంటుంది. ఎన్నాళ్ళకోసారి లాడం మారుస్తున్నారో రాయలేదు. ముందుభాగం పొడవు పెరిగిన డెక్క ప్రతి అడుగులోనూ ఆ కీలును వెనక్కి వంచుతుంది. ఆరు వారాలు దాటకూడదు. ముందు కొన తగ్గించి, లాడం ముందు అంచు కొద్దిగా పైకి దోసి కొట్టాలి, కాలు దొర్లినట్టు లేస్తుంది. ఎడమ కుడి అంచులు ఒకే మట్టంలో నేల తాకాలి. ఒక పక్క ముందు పడితే కీలు పక్కకు మెలిక తిరుగుతుంది. దాన్ని చూడాలంటే ఎదురుగా నిలబడి చదునైన బండ మీద నడిపించండి.

లాయం నేల కడప బండలైతే జానెడు మందం ఊక పరవండి. వేరుశనగ పొట్టు వద్దు, తింటుంది, బూజు పడుతుంది.

ఎక్స్‌రేలో పై కీలా, డెక్క లోపలి కీలా అడగండి. పై కీలు కొన్నాళ్ళకు అతుక్కుపోయి నొప్పి దానంతట అదే తగ్గే అవకాశం ఉంది. లోపలి కీలైతే ఆ ఆశ తక్కువ. ఇంకో మాట: మన జిల్లాల్లో కొన్ని బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఎముకల మీద బొడిపెలు ఒక్క కాలికే కాక నాలుగు కాళ్ళకూ, దవడకూ ఉంటే, పళ్ళ మీద గోధుమరంగు మచ్చలుంటే నీళ్ళు పరీక్ష చేయించండి. అప్పుడు ఏ మాత్రా నిలబెట్టదు.

ప్రొద్దుటూరు_లాయం:

అందరికీ నమస్కారం. బ్యూట్ ఆ రాత్రే ఆపేశాం. చుట్టుకొలత 158, పొడవు 144, అంటే 303 కిలోలు. రిపోర్టు: మొత్తం ప్రొటీన్ 5.0, అల్బుమిన్ 2.1, క్రియాటినిన్ 1.4, జీజీటీ మామూలే. కళాశాలలో చూపించాం, పేగు పుండే అన్నారు. పారాసెటమాల్ 500 మాత్రలు 12, రెండు పూటలా. పై కీలేనట. లాడం చివరిసారి కొట్టించి పదకొండు వారాలు.

రెండు ప్రశ్నలు. పారాసెటమాల్ నొప్పికి సరిపోతోందో లేదో ఎట్లా తెలుసుకోవాలి? మాఘమాసానికి ఎక్కించొచ్చా?

పశువైద్యం_అనంత:

303 కిలోలకు 6 గ్రాములు, 12 మాత్రలే. సరిగ్గా ఉంది.

నొప్పి కొలత: ఫోన్‌లో వీడియో తీయండి. ఒకే చోట, గట్టి నేల మీద, తాడు వదులుగా పట్టుకుని నెమ్మది దౌడు, 20 మీటర్లు పోయి రావాలి. డోసుకు ముందొకటి, డోసు వేసిన రెండు గంటలకొకటి. నొప్పి కాలు నేలను తాకినప్పుడు తల పైకెగురుతుంది, మంచి కాలు తాకినప్పుడు దిగుతుంది. తల ఎగరడం సగానికి తగ్గితే మందు పనిచేస్తున్నట్టు. రెండు వీడియోల్లో తేడా లేకపోతే ఐదు రోజులకు ఆపేయండి, మోతాదు పెంచొద్దు. నిలబడి ఉన్నప్పుడు కుడి కాలు ముందుకు చాపి బరువు వదిలేస్తోందా అన్నది కూడా చూడండి. ఉన్నట్టుండి ఒక రాత్రిలో కుంటు రెట్టింపైతే అది రింగ్‌బోన్ కాదు, మేకు గుచ్చుకునో, డెక్కలో చీము పట్టో ఉంటుంది. పారాసెటమాల్ దాన్ని కొంత కప్పేస్తుంది. డెక్క వేడిగా ఉండి, పైకీలు వెనక నాడి గట్టిగా కొట్టుకుంటుంటే లాడం విప్పించి వెతికించండి, ధనుర్వాతం టీకా సంగతి కూడా అడగండి.

అల్బుమిన్ రెండు వారాలకు మళ్ళీ చూపించండి. వాపు తగ్గడం కంటికి కనిపించకముందే అంకె కదులుతుంది. 2.1 నుంచి కిందికి దిగితే ఇంట్లో పెట్టుకోవద్దు.

లాడం_పని_తాడిపత్రి:

మాఘమాసం బుకింగుకి నా లెక్క: గుర్రం మోయాల్సింది తన బరువులో ఐదో వంతు, జీనుతో కలిపి. 303 కిలోలకు 60. పెళ్ళికొడుకు 75 కిలోలు, జరీ జీను, గొడుగు కట్టే ఇనప చట్రం కలిసి 12 కిలోలు అనుకుంటే 87 అవుతుంది. మంచి కాళ్ళున్న గుర్రానికే అది ఎక్కువ, పైగా డీజే ముందు తారు రోడ్డు మీద రెండు గంటలు ఒకేచోట అడుగులు వేయాలి. ఈ సీజన్ బుకింగులు వేరే గుర్రానికి మార్చండి. మీదానికి ఇప్పుడు కావాల్సింది రోజుకు పది నిమిషాలు మట్టి నేల మీద చేతి నడక, లాడం సరిచేయించిన మూడో రోజు నుంచి.